ఆకుల పొయ్యి

మొన్న వంటింటి గట్టుకు రాయి చూడటానికి నా కూతురితో కలిసి వెళ్లాను. దుకాణం ముందు పలకలన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అక్కడి అబ్బాయి ఒక నల్ల పలక మీద నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి, "ఇందులో ముఖం చూసుకోవచ్చమ్మా" అన్నాడు. నేను సంచిలోంచి అగ్గిపెట్టె తీశాను. గుడి నుంచి అటే వెళ్లాం కాబట్టి అది నా దగ్గరే ఉంది. పుల్ల గీసి ఆ పలక అంచుకు పెట్టాను.

ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి దానంతట అదే పోయింది. అబ్బాయి నవ్వు ఆపుకుంటూ, "గ్రానైటమ్మా, ఎంత మంట పెట్టినా కాలదు" అన్నాడు. లోపల లెక్కలు చూసుకుంటున్న ఆయన కూడా బయటికి వచ్చి చూశాడు. కూతురు నా చేతిలోని పుల్ల ఊదేసి, పళ్ల బిగువున "ఏంటమ్మా ఇది" అంది. నా చెవులు వేడెక్కాయి. "సరే, రంగు చూశావా? ఇది చెప్పేయనా?" అని అడిగింది. "చూశాను, చెప్పెయ్" అన్నాను.

సిగ్గు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కొందరు పిల్లలకు ఊరికే జలుబు చేస్తుంది చూడండి, నాకు అలా ఊరికే సిగ్గేసేది. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాళ్లం. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. బడిలో రుమాలు తీయడానికి సిగ్గు. బాపు డ్యూటీ దిగి ఇంటి ముందర స్నానం చేస్తే ఆ నల్లనీళ్లు వీధి పొడవునా పారేవి, అందుకు సిగ్గు. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. నాతో చదివే సర్వేయరు గారమ్మాయి వాళ్లది కోస్తా. ఆ అమ్మాయి 'నాన్నగారు' అన్నప్పుడల్లా నా నోట్లో 'బాపు' అనే మాట నలిగిపోయేది.

బాపు చేసేది బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. లోపలికి దిగగానే చేతికర్రతో నెత్తిమీది రాయిని కొట్టి చెవి పెట్టి వింటారు. గట్టిగా పలికితే ఫికర్ లేదు. డొల్లగా పలికితే దాని కింద నిలబడకూడదు. ఆ అలవాటు బాపుకు పైకి వచ్చినా పోలేదు. కుండను కొట్టేవాడు, తలుపును కొట్టేవాడు, పుచ్చకాయ సరే, మా నెత్తులను కూడా కొట్టి "నీది గట్టిగనే ఉన్నదే" అనేవాడు. ఒకసారి సర్వేయరు గారింట్లో మంచం దించడానికి సాయం పోయి, వాళ్ల ముందరి గదిలో గోడను వేలితో కొట్టి, "సారూ, ఈ గోడ డొల్ల" అని చెప్పొచ్చాడు. ఆ వారమంతా నేను ఆ అమ్మాయి పక్క బెంచీలో కూర్చోలేదు.

ఇలాంటి నా దగ్గరికి, వానలు ఇంకా పూర్తిగా తగ్గకముందే, చిన్నమ్మ వచ్చి పడింది.

అవ్వకు చెల్లెలు. గోదావరి అవతల మా జైపూర్ దగ్గర పల్లె. మొగుడు భీవండి మగ్గాల మీదికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అప్పటినుంచి అన్న ఇంట్లో పేడకళ్లు ఎత్తుతూ, వదిన సాధింపులు పడుతూ ఉంది. ఒకనాడు మూట కట్టుకుని గోదావరి దాటి మా ఇంటి ముందర దిగి, ఏడవాల్సింది పోయి, నోరు తెరుచుకుని నిలబడింది. పొద్దుగూకే వేళ. ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసి పెట్టారు. వీధి వీధంతా తెల్లటి పొగ, నడుముల దాకా. ఆ పొగలో మనుషులు కాళ్లు లేకుండా నడుస్తున్నారు.

"అక్కా, ఇక్కడ రోజూ గిట్లనేనా? మబ్బుల తిరిగినట్టే ఉన్నది!" అంది.

మేం పుట్టినప్పటినుంచీ దగ్గుతున్న పొగ అది. మబ్బు అని ఎవరూ అనుకోలేదు.

ఆమెకు ఊరు చూపించే పని నా నెత్తిన పడింది. చూపించడం ఏమిటి, ఆమె వెనక నేను తలదించుకుని నడవడం. ఎవరు కనపడితే వాళ్లను ఆపి అడిగేది. టోపీ దీపం పెట్టుకుని పోతున్న కార్మికుడిని ఆపి, "అన్నా, గా దీపం ఒక్కసారి ఎలిగించి చూపరాదు" అంది. ఆయన వెలిగించి చూపించాడు కూడా. మిఠాయి కొట్టు దగ్గర నిలబడి జిలేబీ చుట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో వేలితో గాలిలో గీసుకుంది. బాయిలో రాయి పేల్చాక మిగిలే రంగు రంగుల తీగ ముక్కలు బాపు జేబులో వస్తే, మేం బొమ్మల మెడలకు చుట్టి పారేసేవాళ్లం. ఆమె వాటితో రొట్టెల బుట్ట అల్లింది, ఎరుపూ పసుపూ గళ్లు పెట్టి. దాన్ని చంకన పెట్టుకుని బజారుకు బయల్దేరితే నేను నాలుగు దుకాణాల వెనక నడిచాను.

"ఏందే బిడ్డా, కాలుకు ముల్లు గుచ్చుకున్నదా? ఎనకబడ్తున్నవ్" అనేది.

"లే, వస్తున్న."

చేతి వంట మాత్రం, ఇప్పుడు తలచుకున్నా నోరూరుతుంది. వానపడ్డ సాయంత్రం మక్క గారెలు చేస్తే పక్క క్వార్టర్ల పిల్లలు పలకలు పట్టుకుని 'లెక్క చెప్పించుకోడానికి' వచ్చేవాళ్లు. ఇక సర్వప్ప. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, గుండ్రటి గిన్నె లోపలి భాగమంతా పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె బొట్టు వేసి కాలుస్తుంది. గిన్నె ఆకారంలోనే ఎర్రగా ఊడి వస్తుంది. దాని అంచు విరిగిన చప్పుడు వింటే మా తమ్ముడు నిద్రలోంచి లేచేవాడు.

బాయి గేటు దగ్గర నిలబడి మొదటి షిఫ్టు వాళ్లు పైకి రావడం చూసిన రోజునే ఆమెకు ఆలోచన వచ్చింది. నల్లటి ముఖాలతో గుంపులు గుంపులుగా వస్తున్నారు, ఆకలిమీద ఉన్నారు, అక్కడ చూస్తే చాయ్, బిస్కెట్టు తప్ప ఏమీ లేదు.

"బావా, నేను గేటు కాడ సర్వప్పలు కాలుస్త" అంది ఆ రాత్రి అన్నం దగ్గర.

బాపు ముద్ద నమిలి మింగి అన్నాడు. "కాల్చు. దసరా దాంక చూస్తం. నీ కాళ్ల మీద నువ్వు నిలవడ్డవా, ఇక్కడనే ఉందువు. లేకుంటే మీ అన్న అచ్చి తీస్కపోతడు. నేను ఆయనకు మాటిచ్చిన పిల్లా."

చిన్నమ్మ పళ్లెంలోకి చూస్తూ తల ఊపింది. ఆమె ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి. ఆ పేడకళ్ల దగ్గరికి మళ్లీ పోవడమంటే ఆమెకు ఎలా ఉంటుందో నాకు కూడా అర్థమైంది.

సర్వప్పతో ఒక చిక్కుంది. ఒకటి కాల్చి దించాక గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తడానికి రాదు. షిఫ్టు దిగిన మనిషి అంతసేపు ఆగడు. అందుకని నాలుగు గిన్నెలు ఒకేసారి ఎక్కే పెద్ద పొయ్యి కావాలంది. మట్టిదైతే వానకు కరిగిపోతుంది. ఇటుకల కోసం బావను అడగనంది.

"బిడ్డా, గా గుట్ట మీద రాళ్లెవ్వలయి?"

బాయిలోంచి తీసిన రాయిని పారబోసిన గుట్ట అది, మా క్వార్టర్ల వెనకే. "ఎవ్వలయి కావు. ఉట్టి రాళ్లు" అన్నాను.

ఇద్దరం ఎక్కాం. ఎప్పుడూ చూసే గుట్టే, ఎన్నడూ ఎక్కింది లేదు. కింద అరిగిపోయిన చక్రాలు, తుప్పు తాళ్లు, పైకి పోయిన కొద్దీ రాయి మీద రాయి. పైన నిలబడితే గోదావరి ఇసుక, కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, రైలు పట్టాలు అన్నీ ఒక్కచోట కనిపించాయి. చిన్నమ్మ మాత్రం కాళ్ల కింద చూస్తోంది. నల్లటి పలకలు, బడి పలకల్లాగే నున్నగా ఉన్నాయి. ఒకదాన్ని అంచు మీద కొడితే పొర పొరగా విడిపోయింది. విడిపోయిన పొర మధ్యలో ఆకు. నాలుక ఆకారం, జానెడు పొడవు. నడుమ లావాటి ఈనె, దాని రెండు వైపులా వల అల్లినట్టు సన్నటి ఈనెలు.

"రాతిల ఆకే! గిది ఎప్పటిదే, ఎట్ల పడ్డదే? చూడే చూడే!" అని కేకలు పెట్టింది.

కింద దారిలో సర్వేయరు గారమ్మాయి రిక్షాలో సంగీతం క్లాసుకు పోతోంది. "అరవకు చిన్నమ్మా. జల్ది ఏరుకో, పోదాం" అన్నాను, గుట్ట అవతలి వైపుకు జరిగి.

ఆమె ఆకులున్న పలకలే ఏరింది. గంపల్లో మోసుకొచ్చాం. గేటు కాడ, కానుగ చెట్టు కింద, ఆకులన్నీ పైకి కనపడేట్టు పేర్చి నాలుగు కళ్ల పొయ్యి కట్టింది.

ఇప్పుడు మీరు అడగొచ్చు, బొగ్గు మనుషులకు తెలియదా అని. మా తప్పు అక్కడే ఉంది. కంపెనీ ఇచ్చే బొగ్గులో ఈ పలకరాయి ముక్కలు కలిసి వచ్చేవి. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు పొద్దున్నే కూర్చుని ఆ ముక్కలు ఏరి పారేసేవాళ్లు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. చిన్న పొయ్యిలో పడితే మండదు, చిటపటమంటుంది, అంతే. మండేది బొగ్గు, మండనిది రాయి అని మేం ఉగ్గుపాలతో నేర్చుకున్నాం. కొత్తగా వచ్చిన చిన్నమ్మే అడిగింది, "నల్లగ, జిడ్డు జిడ్డుగ ఉన్నది గదా బావా, కాలదా?" అని. బాపు పొయ్యి అంచును కర్రతో కొట్టి విన్నాడు.

"జర మొద్దుగ పలుకుతాంది. గానీ ఇది మా నెత్తి మీదుండే రాయి పిల్లా. కూలితే మమ్ములను చంపుతది గానీ కాలదు."

మొదలుపెట్టిన రోజు నేను బడి నుంచి నేరుగా అక్కడికే పోయాను. బాయి సైరను కూత పడింది. షిఫ్టు దిగింది. నాలుగు కళ్లలోనూ బొగ్గు ఎర్రగా రాజుకుని ఉంది, నాలుగు గిన్నెలూ ఎక్కాయి. నువ్వులు వేగిన వాసనకు గుంపు అటే తిరిగింది. మొదటి వాయి చేతుల్లో పడీ పడకముందే అయిపోయింది. "అక్కా నాకు, చెల్లె నాకు" అంటున్నారు. నాకు కూడా ఒక్క క్షణం గర్వమనిపించింది, అబద్ధమెందుకు.

రెండో వాయిలో పొయ్యి చిటపటమంది. పేలాలు వేగినట్టు మొదలై, ఒక పలక టప్పున పగిలి ఎగిరి కాంపౌండు గోడకు తగిలింది. తారు కాగినట్టు కంపు. పొయ్యి లోపల కాదు, పొయ్యి గోడల్లోంచే, ఆ రాళ్ల పొరల్లో దాగిన బొగ్గు అంటుకున్నట్టు, పసుపు మంట నాలుకలు చాస్తూ పైకి లేచింది. నాలుగు సర్వప్పలూ కిరసనాయిలు కంపు కొట్టాయి. ఎవరో బిందెడు నీళ్లు కుమ్మరించారు, నల్లటి పొగ లేచి కానుగ చెట్టు కనిపించకుండా పోయింది.

"పొయ్యే కాలుతాందిరో!"

గేటు దగ్గరి చౌకీదారు ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. మొదట బెదిరినవాళ్లు, విషయం తెలిశాక, కడుపు పట్టుకుని నవ్వారు. సరిగ్గా అప్పుడే బాపు పైకి వచ్చాడు. "ఏమన్నా, నీ మర్దలు పైన కూడా ఒక బాయి తెరిచింది!" అని ఆయన జతగాడు భుజం మీద చరిచాడు. బాపు నవ్వలేదు. పొయ్యి వైపు చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని ఇంటివైపు నడిచిపోయాడు. పైకప్పు రాయి గురించి ఆయన చెప్తే బాయిలో అందరూ వినేవాళ్లు. ఆ రోజు ఆయన నడిచిపోవడం నేను చూడకుండా ఉంటే బాగుండేది.

నా పక్కనే ఒక రిక్షా ఆగింది. సర్వేయరు గారమ్మాయి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఆవిడ మీ పిన్ని కదూ?" అంది.

"ఊఁ" అన్నాను.

"అయ్యో, పాపం."

వెక్కిరించినా బాగుండేది. ఆ పాపం అనే మాట నా ఒళ్లంతా పాకింది. కాలి బొటనవేలితో మట్టి గీకుతూ అక్కడే నిలబడిపోయాను.

పొయ్యి ఆరలేదు. ఒకపూటకు ఆరుతుందనుకుంటే పగలూ రాత్రీ లోపల్లోపల కాలుతూనే ఉంది. క్వార్టర్లన్నీ ఆ కంపే. ఆరేసిన బట్టల్లో, అన్నంలో, తలదిండులో. బడిలో నాకు కొత్త పేరు వచ్చింది, 'కాలే పొయ్యి'. గేటు ముందు నుంచి పోవడం మానేసి రైలు పట్టాల వెంట చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని. బాపు గోడవైపు తిరిగి అన్నం తిని లేచేవాడు. అవ్వ కన్నీళ్లు తుడుచుకుంటూ తన అన్నకు కబురు పంపింది.

చిన్నమ్మ మాత్రం రోజూ పొద్దున పోయి ఆ పొయ్యి ముందర గొంతుక్కూర్చునేది. పుల్లతో పొడిచి చూసేది. దారిన పోయేవాళ్లు ఆగి నవ్విపోయేవాళ్లు.

"నువ్వు అక్కడికి పోకు చిన్నమ్మా. అందరు నవ్వుతున్నరు" అని ఏడ్చాను ఒకరోజు.

ఆమె నా కళ్లు తుడిచి, "నవ్వనీయే. నవ్వెటోళ్లు నిలవడుతున్నరు గదా బిడ్డా. నిలవడ్డోళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఆకలైతది" అంది.

మేనమామ వచ్చాడు. పొద్దున బండికే బయల్దేరాలన్నాడు. మూట కట్టేశారు. తెల్లవారుతుండగా చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి చూసొస్త అన్నా" అని గేటు వైపు లాక్కుపోయింది. మూట భుజాన వేసుకుని మేనమామ వెనకే వచ్చాడు.

పొగ లేదు. పొయ్యి కూలి బూడిద కుప్పలా ఉంది. చిన్నమ్మ చెయ్యి పెట్టి చూసి, బూడిద ఊదింది. తర్వాత కూర్చుండిపోయింది.

"బిడ్డా! ఎర్రగయినయే! ఇటుక లెక్క అయినయే! ఆకులు చూడు, ఈనె ఈనె ఎట్ల తేలినయో చూడు!"

మొదటి షిఫ్టు వాళ్లు గేటు వైపు రావడం మొదలైంది. వాళ్లలో ఎవరో అప్పుడే నవ్వారు. నేను కానుగ చెట్టుకు ముఖం ఆనించి, వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను.

"చూడవేందే?"

"చూసిన."

"ఏది, ఇటు తిర్గనే లేదు గదా?"

"చూసిన అంటున్న గద! జల్ది కానియ్ చిన్నమ్మా."

ఆమె మళ్లీ అడగలేదు. వెనక రాళ్ల చప్పుడు వినిపించింది. రాయి మీద రాయి పెడుతోంది. "ఇదేం పిచ్చే, బండి పోతది" అని మేనమామ కసిరాడు. గుంపు చేరింది, నవ్వులు ఎక్కువయ్యాయి. అంతలో ఒక్కసారిగా ఆగిపోయాయి. బాపు డ్యూటీకి వచ్చాడు.

టక్. కర్రతో రాయిని కొట్టిన చప్పుడు. టక్, టక్. కంచు గిన్నెను కొట్టినట్టు మోగింది. ఆ చప్పుడు అర్థం తెలియనివాడు ఆ గేటు దగ్గర ఒక్కడూ లేడు. ఆ చప్పుడును నమ్ముకునే వాళ్లంతా రోజూ కిందికి దిగేది.

"పలుకుతాంది" అన్నాడు బాపు. "కాలెటిదంతా కాలిపోయింది. ఇగ దీంట్ల కాలెటందుకు ఏం లేదు." తర్వాత మేనమామతో అన్నాడు, "బావా, మూట ఇటియ్యి. బండికి నువ్వొక్కనివే పో."

నేను ఇటు తిరిగేసరికి చిన్నమ్మ అప్పటికే ఏడుస్తూ పొయ్యికి మట్టి మెత్తుతోంది. ఆమె ఏడవగా అదొక్కసారే చూశాను. ఆకుల రాళ్లన్నీ మట్టి కింద కప్పుకుపోయాయి.

ఆ పొయ్యి చాలా ఏళ్లు నడిచింది. ఎన్ని షిఫ్టులు దాని చుట్టూ నిలబడి తిన్నాయో లెక్కలేదు. ప్రతి శుక్రవారం చిన్నమ్మ దాన్ని ఎర్రమట్టితో అలికి ముగ్గు వేసేది కాబట్టి లోపలి ఆకులు మళ్లీ ఎవరికీ కనపడలేదు. ఆమె చేతులు ఉడిగాక పొయ్యి ఆరింది. తర్వాత ఆ బాయి మూతపడింది. కొన్నాళ్లకు అక్కడ నేలంతా పైనుంచే తోడేసే ఓపెన్‌కాస్టు గని తవ్వారు. గేటు, కానుగ చెట్టు, క్వార్టర్లు, గుట్ట, పొయ్యి, ఏవీ లేవు. పైనుంచి చూస్తే గొయ్యి, అడుగున అగ్గిపెట్టెలంత లారీలు.

చివరి రోజుల్లో చిన్నమ్మకు చూపు పోయింది. దవాఖానలో పడుకుని నా చెయ్యి పట్టుకుని, "ఆ ఆకు యాదికున్నదా బిడ్డా? నాలుక లెక్క ఉండె. నడుమ లావు ఈనె, రెండు దిక్కుల వల అల్లినట్టు" అని చెప్పింది. నాకు చూపించినందుకు ఎంత మురిసిపోయిందో! "యాదికున్నది" అన్నాను.

గుట్ట మీద విడిపోయిన ఆకు గురించి నేను పైన రాసిన మాటలు ఆమెవి. నేను రిక్షా వైపు చూస్తున్నాను అప్పుడు. రెండుసార్లు నా ముందర పెట్టి చూడమంది, రెండుసార్లూ నేను మనుషులను చూశాను.

మొన్న దుకాణంలో కూతురు అడిగితే కూడా "చూశాను" అన్నాను కదా. వంటింట్లో పనివాళ్లు గట్టు బిగించి వెళ్లాక లైటు వేస్తే, అది నేననుకున్నట్టు నలుపు కాదు, ముదురాకుపచ్చ.